ఐదు మారదు

ఈసాఫ్యోర్దుర్‌లో సూర్యుడు కొండ వెనక్కి పోయి
అప్పటికి వారం.
చేపల ఫ్యాక్టరీ నుంచి నేరుగా క్లాసుకొచ్చాం,
ఎంత తోమినా వేళ్ళకి కాడ్ చేప వాసన.
హీటరు మీద ఏడు జతల చేతితొడుగులు
ఆవిర్లు కక్కుతున్నాయి.

"తోబుట్టువులు ఎందరు?"
వరసగా అడుగుతోంది సోల్రూన్ టీచరు.

కుర్చీలు లెక్కపెట్టుకుని నా వంతుకి
ఒక వాక్యం నాలిక కింద దాచుకుంటాను.
ఆవిడ ఆ చివర నుంచి మొదలెడుతుంది.
జ్జిస్వాఫ్‌కి మాటల తోకలు పట్టుబడవు,
సరిగ్గా తోక ఉండాల్సిన చోట దగ్గుతాడు.
చలికాలమంతా అతనికి జలుబే.
రాత్రీ మాత్రం ఊపిరి లోపలికి లాగుతూ
"యౌ" అంటుంది, అచ్చం ఇక్కడి ముసలమ్మల్లా.
ఆ ఒక్క అవునుతో సగం ప్రశ్నలు దాటేస్తుంది.

లుజ్విమిందా వంతు.
ఈ భాషలో ఒకటి నుంచి నాలుగు దాకా
అంకెలకి స్థిమితం లేదు.
మగవాళ్ళ ముందు ఒక వేషం, ఆడవాళ్ళ ముందు ఒకటి,
పసిపిల్లల ముందు ఇంకొకటి,
ఇంతలో విభక్తి వచ్చి చొక్కా మార్చేస్తుంది.
ఐదు మారదు.
ఐదు ఎవరి ముందైనా ఐదే.

ఆమెకి ముగ్గురే చెల్లెళ్ళు, నాకు తెలుసు.
నోరు తెరిచింది, మూసింది,
కిటికీలో చీకటిని కాసేపు చూసి
"ఫిమ్" అంది.

"అబ్బో, ఐదుగురే! పేర్లు?"
మూడు పేర్లు పరుగెత్తుకొచ్చాయి.
నాలుగోదానికి పక్క బల్ల మీద చేపలు కోసే పిల్ల పేరు.
ఐదోదానికి, పాపం,
వాళ్ళ దీవికి వెళ్ళే ఫెర్రీ పేరు.

ఆపైన ఆ ఇద్దరూ మాతోనే చదువుకున్నారు.
భూతకాలం పాఠంలో ఒకామె మంచు మీద జారి పడింది
(మంచెరగని దేశంలో! ఎవరూ అడగలేదు).
భవిష్యత్తు పాఠంలో ఫెర్రీ పిల్లకి పెళ్ళి కుదిరింది.
ఉత్తరం రాసే పాఠంలో
అందరం ఆమెకే శుభాకాంక్షలు రాశాం.
నాకు పది మార్కులకి ఏడు.

జనవరి చివర్లో ఎండ కొండ దిగి వీధిలోకొచ్చింది.
ఆ రోజు ఊరంతా కాఫీ, పాన్‌కేకులు.
సోల్రూన్ వాళ్ళమ్మ, పుస్తకం లేకుండా, ఊరికే,
"నీకెందరమ్మా అక్కచెల్లెళ్ళు?" అంది.
లుజ్విమిందా కప్పు కింద పెట్టింది.
"థ్రియౌర్."
ముగ్గురు. సరైన వేషంలో, సరైన చొక్కాతో.

పళ్ళెం పట్టుకున్న టీచరు ఆగిపోయింది.
"మరి... ఆ ఇద్దరూ?"

జ్జిస్వాఫ్ పాన్‌కేకు వైపు చూశాడు.
నేను ఎండ వైపు.

"వాళ్ళు," అందామె నెమ్మదిగా,
"మాట సాయానికి వచ్చారు.
ఇంటికి వెళ్ళిపోయారు."

అందులో రెండు తోకలు తప్పు.
ఎవరూ దగ్గలేదు.