ఏది కూడదు

చిత్తూరు సంతపేటలో
మెట్లు దిగితే నీవా వాసన కొట్టే సందులో
ఆరుముగం మేస్త్రి బైండింగు అంగడి.
బడి వదిలినాక రెండు గంటలు
నేనక్కడ కాగితాలు మడిచే కూలి.
వందకు పావలా, రొంత బెల్లం.

అయివారు వ్యాసం రాసుకు రమ్మన్నాడు:
సాధువుల లక్షణాలు, పది.
నాకు నాలుగే దొరికినాయి.
శాంతం. సత్యం. నిరాడంబరం.
నాలుగోది మూడోదానికే ఇంకో పేరు.
మేస్త్రినడిగితే
సూది బెజ్జంలో దారం ఎక్కిస్తా
‘నాకు సదువొస్తే గదమ్మే’ అన్నాడు.
పదికి నాలుగొచ్చినాయి.

నిజంగానే ఆయనకి చదువు రాదు.
పుస్తకం తలకిందులైందా లేదా
బొటనవేలి మురికి ఏ మూలనుందో చూసి చెప్పేవాడు.
అబద్ధాలు మాత్రం ఆడేవాడు.
‘రేపొచ్చి తీసుకోండి’ అనే అబద్ధం
ఊరందరికీ సమానంగా.

అయినా దేవుడి పుస్తకం ఎవరు తెచ్చినా
కొలత తీసే ముందు ఒక్క మాట:
‘మీకు ఏది కూడదు?’

మస్తాన్ బీ చెప్పింది,
నేల మీద పెట్టగూడదు,
దాని మీద ఇంకోటి పెట్టగూడదు.
ఆ సాయంత్రమే దూలం కింద ఒక పలక లేచింది,
దానికొక్కదానికే.
సోహన్‌లాల్ సేటుకి పట్టుదారం కూడదు, పురుగు చచ్చుంటుంది.
సరేసూ కూడదు, తోలు ఉడకేసిన జిగురు.
వరదాచారికి ఎంగిలి కూడదు.
అప్పటిదాకా దారం పంటితో తెంపే మనిషి
బజారు వీధికి పోయి కత్తెర కొనుక్కొచ్చినాడు.
జ్ఞానరత్నం టీచరు చానాసేపు ఆలోచించి
‘మాకేం లేదు గానీ,
మా అమ్మ లోపల పెట్టిన ఎండుపువ్వు
రాలిపోగూడదు’ అంది.

మైదాలో మైలుతుత్తం మాత్రం అందరికీ ఒకటే.
చెదపురుగు ఎవర్నీ ఏదీ అడగదు.

విప్పిన ప్రతి పుస్తకంలోనూ
ఒక చోట కాగితం మెత్తబడి
ఉతికిన గుడ్డలాగుండేది.
‘ఈడ జరముంది’ అనేవాడు వేలు పెట్టి.
‘ఇంట్లో ఎవురన్నా మంచాన పడితే తెరిచే తావు.’
నాకు చదవొచ్చిన రెండింట్లో చూసినా.
నిజమే.

ఆ ఏడు కార్తీకంలో నీవా పొంగింది.
నడిరేయి అంగట్లో మోకాలి లోతు నీళ్ళు.
ఊరి పుస్తకాలన్నీ అటకెక్కించినాడు.
సొంత రేషన్ కార్డు, సెల్లమ్మవ్వ చీటీపాట లెక్కలు
వాగులో పోయినాయి.
వారం పాటు అవ్వ తిట్టింది.
ఆయన మైదా కలుపుకుంటా విన్నాడు.
ఐదో లక్షణం కింద అది రాయొచ్చేమో,
అప్పుడు తోచలా.

అటక కారి, కుట్లు విప్పిన పేజీలు కలిసిపోయినాయి.
దారాలు కట్టి ఆరేసినాము.
నలుగురూ వచ్చి చాప మీద కూర్చొని ఏరుకున్నారు.
‘ఇది మీదా?’
‘కాదు, టీచరమ్మదేమో చూడు.’
సేటు ఒక కాగితం పట్టుకొని
ఏది పై పక్కో తెలీక అట్లే ఉండిపోతే
మస్తాన్ బీ చెయ్యి చాపి, తిప్పి ఇచ్చింది.
వెంటనే తీసుకోలేదు.
కాసేపు చూడనిచ్చింది.

చివరికి ఒక ముక్క మిగిలింది.
తెలుగే. ముందూ లేదు, వెనకా లేదు.
‘అప్పుడాయన నీళ్ళడిగినాడు’ అని ఉంది, అంతే.
ఎవరాయన?
మావాడే అయ్యుండొచ్చు అన్నారు నలుగురూ.
మా దాంట్లో ఈ మాట చదివినట్టు లేదే
అన్నదీ ఆ నలుగురే.

మేస్త్రి ఇంకోసారి చదవమన్నాడు.
‘ఇచ్చినారా, లేదా?’
‘ఆ తావు చినిగిపోయింది తాతా.’

వాకిట్లో కరెంటాఫీసు బంట్రోతు
రిజిస్టరు కోసం పొద్దుట్నించీ నిలబడున్నాడు.
మేస్త్రి లేచి, కుండలో చెంబు ముంచి
వాడి చేతికిచ్చి
తాగేదాకా పక్కనే నిలుచుకొని
‘రేపు రా’ అన్నాడు.