ఖాళీ బరువు

పోర్టులో కాటా గుమస్తాని.
ఇరవై రెండేళ్ళుగా లారీలు తూస్తున్నాను,
ఖాళీగా ఎంత, నిండుగా ఎంత.
నన్నెవరూ తూచలేదు
మొన్న ఆఫీసులో హెల్త్ క్యాంపు పెట్టేదాకా.
డాక్టరమ్మ చీటీ మీద అంకె వేసి
కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసింది.
ఆ చూపు పట్టుకుని మా వసుంధర మేడం
పది కిలోమీటర్ల పరుగుకి నా పేరు రాయించేసింది.
ఫీజు కట్టేశానండీ, వెనక్కివ్వరట, అంది.
డబ్బు పోతుందంటే మాత్రం
నాకెక్కడలేని పట్టుదల.

ఆదివారం, అయిదున్నర.
కాళీమాత గుడి ముందు
చీకటింకా తడిగానే ఉంది.
స్టేజీ మీద ఒక కుర్రాడు
వైజాగ్ రెడీయా అని మైకు చింపేస్తున్నాడు.
వైజాగ్ సంగతి నాకు తెలీదు.
నాలుగు పిన్నీసులిచ్చారు, ఒకటి వంకరది.
4417 బొజ్జ మీద ఏటవాలుగా వేలాడింది
పాత టిప్పరు వెనక ప్లేటులాగ.

బూర ఊదారు.
మొదటి కిలోమీటరు జనమే మోసుకుపోయారు,
తిరనాళ్ళలో చెప్పు జారినా ఆగలేనట్టు.
సబ్‌మెరైన్ దగ్గర లేసు కట్టుకోడానికి ఆగాను.
ఊడలేదు.
ఊడదీసి కట్టుకున్నాను.
వుడా పార్కు వచ్చేసరికి
పదేళ్ళ పిల్లలూ, మోకాలికి పట్టీ వేసుకున్న తాతగారూ,
చంటిదాన్ని బండిలో తోసుకెళ్తున్న ఒక తండ్రీ
అందరూ నా వీపు చూసి ముందుకెళ్ళిపోయారు.
ఉక్క. గాలి కూడా చెమట పట్టి ఉంది.

జాలరిపేటలో ఒకావిడ
నెత్తిన చేపల తట్టతో నన్ను దాటింది.
నడుస్తూనే.
నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి,
ఏటి బావూ, ఎవులు తరుముతున్నారు?
ఎవరూ లేరమ్మా.
మరైతే ఎందుకూ?
సందు తిరిగిపోయింది.
తెన్నేటి పార్కు మెరక ఎక్కినంతసేపూ
ఆ ఎందుకూ నా ముందే నడిచింది.

మెరక మీద, మలుపు దగ్గర,
కాలేజీ పిల్ల నా మణికట్టుకి రబ్బరుబ్యాండు తగిలించింది
కొత్తిమీర కట్టకి తగిలించినట్టు.
కింద సముద్రం తెల్లారిపోయింది.
చూద్దామనుకున్నాను గానీ
కళ్ళల్లో ఉప్పు.

తిరుగు దారిలో వెనక ఏదో గురగుర.
అంబులెన్సు. నా నడకకి సరిపడా ఫస్టు గేరులో.
దాని వెనక ట్రాలీ ఆటో,
ఇద్దరు కుర్రాళ్ళు నారింజరంగు కోనులు
ఒక్కొక్కటే ఎత్తి పడేస్తున్నారు.
నేను దాటిన చోటల్లా
మళ్ళీ మామూలు రోడ్డయిపోతోంది,
స్కూటర్లు, పాల వ్యాన్లు,
ఏమీ జరగనట్టు.

ఎక్కీండి సార్, ఏసీ ఉంది, అన్నాడు డ్రైవరు.
ఎంతుంది ఇంకా?
మూడున్నర.
బరువెక్కువ బాబూ, నీ టైర్లు కుంగుతాయి.
నవ్వీసి, బిస్కెట్ల పాకెట్టు సగానికి విరిచి
కిటికీలోంచి అందించాడు.
పేరు ఎర్రినాయుడట.
రాత్రి డ్యూటీ మీద ఈ డ్యూటీ,
చివరి మనిషి చేరితేగానీ ఇంటికెళ్ళడట.
చివరి మనిషి అంటూ నా వైపు చూడలేదు, మర్యాదస్తుడు.
అప్పుడు పరిగెట్టాను.
ఎంతో కాదు, రెండు కరెంటు స్తంభాల మేర.
మళ్ళీ ఇంకో రెండు.

చేరేసరికి
గాలి నింపిన తోరణంలోంచి గాలి తీసేస్తున్నారు.
అది మోకాళ్ళ మీద కూలబడుతుంటే
నేనూ వంగి కిందనుంచి దూరాను.
గడియారం ఆపేశారు.
పతకాలయిపోయాయి, కొరియరు చేస్తామన్నారు.
మచ్చల అరటిపండొకటి మిగిలింది.
వెనకనుంచి ఎర్రినాయుడు
ఒక్కసారి, చిన్నగా, సైరను మోగించి వెళ్ళిపోయాడు.

సోమవారం.
మెట్లు దిగడమంటే ఏమిటో తొడలు చెప్పాయి.
మధ్యాన్నం ఒక లారీ కాటా దిగాక
ఎవరూ చూడకుండా ఆ ఇనప పలక మీద
మధ్యలో నిలబడ్డాను.
పదేసి కేజీల లెక్క తప్ప తెలీదు దానికి.
ఎనభై అంది, తొంభై అంది, ఊగిసలాడింది.
వెనక టిప్పరువాడు హారను కొట్టాడు.
కుంటుకుంటూ దిగాను.
మిషను తన అలవాటు కొద్దీ
చీటీ కొట్టి బయటికి తోసింది.
సరుకు: లేదు.
బండి నంబరు గడి ఖాళీ.

పెన్ను తీసి
4417 అని రాశాను.