పాస్‌పోర్టుదా, నాదా

"వయసెంత?" అని జడ్జి అరబీలో అడిగాడు.
నేను తెలుగు చేశాను.
గంగమల్లు నా వైపు వంగి, గొంతు తగ్గించి
"పాస్‌పోర్టుదా సార్, నాదా?" అన్నాడు.

ఒక మాట కలపనని, ఒక మాట మింగనని
ప్రమాణం చేసిన నోరు నాది.
ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు అరబీలో పెట్టాను.
షార్జా కోర్టు హాల్లో కాసేపు
ఏసీ మూలుగు తప్ప ఏదీ వినపడలేదు.

పాస్‌పోర్టుది ఇరవై రెండు.
వాడిది, బడి రిజిస్టరు ప్రకారం,
పదహారు నిండి నాలుగు నెలలు.
మధ్యలోని ఆరేళ్లూ
జగిత్యాల బస్టాండు వెనక ఓ ఏజెంటు
డెబ్బై వేలు తీసుకుని ఒక్క మధ్యాహ్నంలో పెంచాడు.
ఏ తల్లీ అంత తొందరగా బిడ్డను పెంచి ఉండదు.

చంపింది నిజం.
అదీ వాడే చెప్పాడు, నేనే అరబీ చేశాను.
సజా క్యాంపులో, పదిమంది పడుకునే గదిలో,
కింది మంచం రాజవీరు మీద
ఇనుప సలాక ఎత్తాడు.
ఎందుకంటే "ఫోన్ గుంజుకున్నడు" అన్నాడు.
కాసేపాగి "నవ్విండు" అన్నాడు.
ఇంకాసేపాగి "యాదికి లేదు సార్."
మూడు జవాబులూ అప్పగించాను.
గుమాస్తా ఒకటే రాసుకున్నాడు.

అరబీలో బాలనేరస్థుణ్ణి 'హదస్' అంటారు.
జరిగిపోయిన సంగతినీ 'హదస్' అనే అంటారు.
ఏడేళ్లుగా ఈ మాట నోట్లో నానుతోంది,
రెండర్థాలూ ఒక్కసారే నాలుకకు తగిలింది ఆ రోజే.
మనమేమో బాలుణ్ణీ నేరస్థుణ్ణీ
ఒకే సమాసంలో ఇరికించేశాం.
విగ్రహవాక్యం చెప్పమంటే తెలుస్తుంది:
బాలుడైన నేరస్థుడా?
నేరస్థుడైన బాలుడా?
తీర్పంతా ఆ విరుపు దగ్గరే ఉంది.

మణికట్టు ఎక్స్‌రే తీయించారు.
డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి
ఎముక చివర సన్నటి నల్లగీత చూపించాడు.
ఇంకా అతుక్కోలేదు, అన్నాడు. పెరుగుతోంది.
ఆ చేత్తోనే కదా, అనుకున్నాను.
అనువదించమని ఎవరూ అడగలేదు గనక
అది నాలోనే ఉండిపోయింది.

రాత్రి మెట్‌పల్లికి ఫోన్ కలిపాను.
రాజవీరు భార్య జమున.
క్షమాపణ పత్రం గురించి చెప్పడం నాకప్పగించిన పని.
"వాని వయసు తక్కువని చెప్పవడితివి సారూ,
మా ఆయనకెంత వయసో అడిగినవా?"
అడగలేదు. ముప్పై తొమ్మిదట.
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత,
"వాడు మా ఆయనను ఏమని పిలిచేటోడు?"

మర్నాడు గాజుపలక అవతలి గంగమల్లును అడిగాను.
"కాకా అనేటోణ్ణి.
వచ్చిన కొత్తల ఖుబ్బూస్ మింగరాకుంటే
పప్పుల నానబెట్టి ఇచ్చిండు."
ఆ మాట తొణక్కుండా మోసుకెళ్లి ఆమెకిచ్చాను.
ఫోన్ పెట్టేసింది.
సంతకం ఇంకా రాలేదు.
మళ్లీ అడగను. అడగడానికి నేనెవర్ని?

జడ్జిగారూ,
మీ ముందు అనలేను గనక ఇంట్లో కాగితం మీద అంటున్నాను.
వాణ్ణి వదిలేయమనను.
వదిలేస్తే రాజవీరు రెండోసారి పోతాడు.
కానీ ఆ నల్లగీత అతుక్కునేదాకా
ముదిరిన మనుషుల మధ్య పడేయకండి.
రోజూ ఒకరెవరైనా ఎదురుగా కూర్చుని
"ఏమైంది?" అని అడగనివ్వండి,
నాలుగో జవాబు వచ్చేదాకా.
పదేళ్లు పట్టొచ్చు. పట్టనివ్వండి.
ఉరితాడుకు ఏ జవాబూ వినపడదు.

ఒకటి మిగిలింది.
కోర్టుకు రాకముందు రోలాలో
టైపింగ్ సెంటర్లో పనిచేశాను.
వయసు గడిలో, ఇచ్చిన అంకె కొట్టేవాణ్ణి.
ఎదుట నిలబడ్డ మొహం వైపు
తలెత్తి చూసిన గుర్తు లేదు.
ఫారానికి పదిహేను దిర్హాములు.

గంగమల్లుది నేను కొట్టింది కాదు, ఏళ్లు కలవవు.
అయినా ఆ రాత్రి
వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాను.