పరిశీలనలో ఉంది

ఫర్వానియాలో, మనీ ఎక్స్ఛేంజి పక్క సందులో
నేను టైపు చేసేవన్నీ ఇతరుల దరఖాస్తులు.
ఇకామా రెన్యువలు, పాస్‌పోర్టు పోయిందన్న ఫిర్యాదు,
కఫీలు మారడానికి అర్జీ.
కాగితానికి అర దీనారు.
తప్పు పడితే నా జీతంలో కోత.

"ఎప్పుడొస్తాది బదులు?" అంటారు
చిట్వేలి మేస్త్రీలు, రాయచోటి డ్రైవర్లు.
"పరిశీలనలో ఉంది" అంటాను
నాడి పట్టుకున్న డాక్టరంత నిబ్బరంగా.
జనవరి నుంచి అదే మాట
నా ఫోన్లో నాకే కనబడుతోంది.

ఐదు విశ్వవిద్యాలయాలకు పంపాను.
అంశం: కువైట్ క్యాసెట్ ఉత్తరాలు.
రాయడం రాని వంటమనుషులు
సేటు ఇల్లంతా నిద్రపోయాక
టేపు రికార్డరు మీద దుప్పటి కప్పి
ఊళ్లో పిల్లలకు గుసగుసగా చెప్పుకున్నవి.
అది సాహిత్యమేనని పన్నెండు పేజీలు రాశాను,
షట్టరు సగం దించి.

అక్కడ ఆఫీసు పదింటికి తెరిస్తే ఇక్కడ ఏడున్నర.
శుక్రవారం వాళ్లకు పని, నాకు సెలవు.
ఆ రోజంతా మంచం మీద ఫోను బోర్లా పెడతాను,
తిప్పుతాను, మళ్లీ బోర్లా పెడతాను.
ఆదివారం వాళ్లకు సెలవు.
ఆ ఒక్క పూటే అన్నానికి రుచి ఉంటుంది.

ఇంటర్వ్యూ స్టోర్ రూములో ఇచ్చాను.
మోత వినబడుతుందని ఏసీ ఆపేశాను. మే నెల.
"దగ్గు కూడా సాహిత్యమేనా బాబూ?"
అన్నారొక పెద్దాయన.
ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను.
నవ్వినందుకు ఇంకా నన్ను నేను క్షమించుకోలేదు.

చెప్పాల్సింది వేరే ఉంది.
హుస్సేనమ్మ టేపులో
"బాగుండాను నాయనా" అనే ముందు
పదకొండు సెకన్లు మాట లేదు.
ఫ్రిజ్జు మోత, దూరంగా ఫజర్ బాంగు, అంతే.
ఆ పదకొండు సెకన్లను ఏమని పిలవాలో తెలియకే కదా
చదువుకుంటానన్నాను.

మొదటి తిరస్కారం మలబారు హోటల్లో అందింది.
పరోటా చల్లారింది. అయినా తిన్నాను.
రెండోది నా పేరే తప్పుగా రాసింది,
ఓబులేసు కాస్తా ఒబేశ్.
మా ఓనరయితే అర దీనారు కోసేవాడు.
మూడోది చాలా మర్యాదగా ఉంది,
రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.
నాలుగోది రానే లేదు.
చేరినవాళ్లెవరో పూలదండతో ఫొటో పెడితే తెలిసింది.

ఒక రాత్రి నా దరఖాస్తునే
గిరాకీ కాగితంలా ముందేసుకుని తప్పులు వెతికాను.
అక్షరదోషాలు లేవు.
'అభాగ్య' అని ఏడు చోట్ల ఉంది.
'దీనమైన' తొమ్మిది చోట్ల.
టేపుల్లో ఆ తల్లులెవరూ ఆ మాటలు అనలేదు.
ఒకామె మేకపిల్ల ధర అడిగింది.
ఒకామె కొడుకును బూతులు తిట్టింది, లెక్కలు తప్పినందుకు.
పదహారూ కొట్టేశాను.
కొట్టేసిన చోట ఏం పెట్టాలో తోచలేదు,
ఖాళీలు అట్లాగే ఉంచాను.

గురువారం హుస్సేనమ్మ ఇకామా పనిమీద వచ్చింది.
"ఏమన్యారబ్బీ మన టేపును?"
"వద్దన్నారక్కా."
చిల్లర లెక్కపెట్టి బల్లమీద పెట్టింది.
"దగ్గు తీసెయ్యమన్యారా?"
"అంటే... అట్లాంటిదే."
"తీసెయ్యాకు.
నేను వచ్చేతలికి వాడు పాలు తాగే బిడ్డ.
మాట ఎవురిదైనా ఒకటే వానికి.
దగ్గితేనే మాయమ్మ అని టేపు తట్టు పాకేవాడంట."

ఆమె పేరు టైపు చేశాను.
వృత్తి: ఇంటిపని.
రెండుసార్లు సరిచూసి ప్రింటు తీశాను.
కాగితం నాలుగు మడతలు పెడుతూ
"ఎప్పుడొస్తాది?" అంది.

ఐదోదాని సంగతి అనుకుని
"తెలీదక్కా" అన్నాను.