రెండు గీతలు

బంగారుపాళెం మండీలో కాయల సీజను.
కూలి వదులుకుని తిరుపతికి పోయినాం.
డాక్టరమ్మ తెల్లకాగితం మీద
మొగోళ్లకు చదరాలు, ఆడోళ్లకు సున్నాలు పెట్టింది.
నాకూ మా ఆయనకూ నడుమ గీత గీసి ఆగింది.
"సొంత మేనమామేనా?"
ఊ అన్నా.
ఆ గీత పక్కనే ఇంకో గీత.

పైకి పోతే మా అవ్వ కుప్పమ్మ.
చింతగింజలు, చినిగిన చీరంచులు, చెల్లని పైసలు,
ఏదీ పారేసిన మనిషి కాదు.
రెండెకరాల తోపు బయటికి పోకూడదని
నన్ను తన కొడుక్కే చేసుకునింది.
తనకే తెలీకుండా
అక్షరం తప్పిన రాత ఒకటి
కొడుక్కొక నకలు, కూతురికొక నకలు ఇచ్చి పోయింది.

కరగాల్సిన కొవ్వు కరగదంట,
పోవాల్సింది పోదంట.
పాప కడుపులో బల్ల
మాగని బేనీషా మాదిరి గట్టిగా తగిలింది.
"మందుందా?"
"ఉంది" అనింది, ధర చెప్పకుండా
కళ్లద్దాలు తుడుచుకుంటా.

అవ్వను తిట్టాలని నోరు తెరిచినా.
ఆమె ముక్కుపుడక నా ముక్కుకే ఉండాది.

చంద్రగిరి దాటినాక బస్సులో
పాప ఆ కాగితం లాక్కుని
అన్నిటికన్నా కింద
నల్లగా దిద్దిన సున్నాకు
రెండు జడలు గీసింది.