పద్నాలుగు మిల్లీమీటర్లు

పెట్టె మూత మీద ఊరు తగలబడుతోంది.
దాని పైన నల్ల పొట్టతో లాంకాస్టర్ విమానం,
తోకలో గాజు బుడగ, బుడగలోంచి నాలుగు తుపాకులు,
వాటి వెనక గోరంత మనిషి.
మూత బోర్లించి పక్కన పెట్టాను.
నాకు కావలసిన విమానం ఈ పెట్టెలో లేదు.
ఈ పెట్టెలోంచే రావాలి.

గిమ్లీలో జనవరి.
కిటికీ అవతల విన్నిపెగ్ సరస్సు బిగుసుకుపోయి పడుంది.
మంచుకి కన్నం కొట్టి వల లాగేవాళ్ళ దీపాలు, రెండో మూడో.
వంటింటి బల్ల మీద నేను
సన్నరంపాన్ని విమానం ముక్కుకి ఆనించి
ఊపిరి బిగబట్టాను.

యుద్ధం ముగిశాక కొన్నింటికి కొలువు మారింది.
బాంబులు మోసిన కడుపున కెమెరాలు పెట్టి
పటాలు గీయడానికి ఉత్తరానికి తోలారు.
ముక్కుని నలభై అంగుళాలు సాగదీశారట.
డెబ్బై రెండో వంతు లెక్కలో
పద్నాలుగు మిల్లీమీటర్లు.
ప్లాస్టిక్ రేకులు ఒకదాని మీదొకటి అంటించాను,
మా అక్క హాల్‌బెరా చేసే ఎండుప్లమ్ కేకులా,
ఏడు పొరలు.
అరగదీస్తే చొక్కా నిండా తెల్లపొడి.

తోక బుడగలో కూర్చున్నది మా నాన్న.
ఇరవై ఒక్క ఏళ్ళ థోర్వాల్డ్,
విమానానికి వీపు పెట్టి
దాటిపోయినవి మాత్రమే చూస్తూ.
ఆ మాట ఆయన చెప్పలేదు,
బీరువా అడుగున లాగ్‌బుక్కు చెప్పింది.

ఆయన చెప్పిందంతా రెండో కొలువు సంగతే.
పళ్ళ మధ్య చక్కెర బిళ్ళ ఇరికించి
దాని గుండా కాఫీ పీలుస్తూ:
"కింద సరస్సులు, సరస్సులు.
లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి.
ఒక్కదానికీ పేరు లేదు.
ఒకదాని మీద కుదుపులకి
తిన్నదంతా సంచిలో కక్కాను.
దానికి పేరు పెట్టే హక్కు నాదే."
ఏం పెట్టావంటే
అమ్మ వైపు చూసి
"పిల్లల ముందు అనే పేరు కాదు" అనేవాడు.

వీపు మీది టరెట్ రంధ్రం పుట్టీతో పూడ్చాను.
బాంబుల తలుపులు జిగురేసి మూసేశాను.
తోక బుడగ తీసి గుండ్రటి మూతి చెక్కాను.
రెక్కల చివర్లు ఎరుపు,
మంచులో కూలితే కనబడాలని.
మిగతాదంతా వెండి.

నలుపు కడుపులో దాచుకుంటుంది.
వెండి చాడీలు చెబుతుంది.
ఆరేసరికి వీపు మీద సన్నటి వలయం,
గ్లాసు ఎత్తేశాక బల్ల మీద తడిలా.
గీకాను. నునుపు చేశాను. రంగేశాను.
మళ్ళీ వలయం.
మూడోసారి గరుకుకాగితం తీస్తుంటే హాల్‌బెరా అంది:
"వలల మీదికి వెళ్ళేటప్పుడు బండిలో నాన్న
ఎప్పుడూ వెనక్కి తిరిగే కూర్చునేవాడు,
గుర్తుందా?"
గుర్తుంది.
ముఖాన గాలి కొట్టకుండా అనుకునేవాళ్ళం.
కాగితం కింద పెట్టాను.

మిగిలినవి:
ఎనిమిది తుపాకులు, పద్నాలుగు బాంబులు,
దగ్గు బిళ్ళల డబ్బాలో పోసి ఊపితే
గిలక చప్పుడు.
ఇంకా, వరిగింజంత మనిషి.

అతన్ని డబ్బాలో వేయబుద్ధి కాలేదు.
కొత్తగా వచ్చిన పద్నాలుగు మిల్లీమీటర్ల చోటులో
ముందుకి తిప్పి కూర్చోబెట్టాను.
కూర్చున్నాడు కానీ
చేతులు రెండూ బిగించే ఉన్నాయి,
అచ్చులోనే అలా పోశారు,
లేని తుపాకీని పట్టుకుని.

చాలాసేపు చూశాను.
చక్కెర బిళ్ళ చుట్టిన కాగితం కొస చింపి
పట్టకారుతో ఆవగింజంత సంచి మడిచి
ఆ పిడికిళ్ళ మధ్య దూర్చాను.
సరిగ్గా పట్టింది.

పైన గాజు అంటించేశాక
అదక్కడుందని ఎవరికీ తెలీదు.
హాల్‌బెరాకి చెప్పాను.
ఆ సరస్సు పేరేంటో ఆమెకీ తెలీదట.