నిజంతో మొదలు

ట్రియెస్టెలో బోరా గాలి వీచిన మర్నాడు
నా గదికి పని ఎక్కువ.
విరిగిన గొడుగులు, టోపీలు, జత తప్పిన చేతితొడుగులు
మున్సిపాలిటీ సంచుల్లో వచ్చి పడతాయి.
వాటిని వెతికే క్వెరీ రాసింది నేనే, నివెస్‌ని.

మొదటి వరసలో ఒక్కటే మాట: నిజం.
ఏమీ అడగనివాడికి అన్నీ నిజమే కదా.
రంగు చెబితే ఒక "మరియు" తగిలిస్తాను,
వీధి చెబితే ఇంకొకటి.
చెప్పకపోతే ఆ ముడి వెయ్యను, అంతే.
"లేదా"ల గొలుసు మాత్రం అబద్ధంతో మొదలెట్టాలి.
ఆ సంగతి తెలియక
మొదటి వారం, ఎవరేమడిగినా
ఊళ్ళో పోయినవన్నీ చూపించాను.

ఒందీనా కొస్సుత్తా గారు వచ్చారు,
తలగుడ్డ ముడి గట్టిగా బిగించుకుని.
పోయింది చేతితొడుగు. ఏ చేతిది?
కుడిది.
రంగు?
"నీలం. కాదు, బూడిద. మా ఆయన కొన్నప్పుడు నీలమే."
ఎక్కడ పోయింది?
ఆ గడిలో తనే వంగి, ఒంటి వేలితో,
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు:
తెలీదు.

ఫలితాలు సున్నా.
నా కోడ్ మాట జవదాటదు మరి,
"తెలీదు" అనే వీధి కోసం
ఊరంతా గాలించి ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

ఆ గడి చెరిపాను.
ఈసారి నూట పన్నెండు:
బూడిద గొడుగులు, బూడిద మఫ్లర్లు,
ఎవరో పసివాడి బూడిద బూటు ఒకటి.
తొడుగు, మరియు కుడిది, మరియు నీలం, లేదా బూడిద...
ఆ చివరి "లేదా" వెనక తలుపు తీసి పెట్టింది,
బూడిదన్నదల్లా పిలవని పేరంటానికి వచ్చేసింది.
రెండు రంగుల చుట్టూ బ్రాకెట్ల కంచె వేశాను.

మూడు మిగిలాయి.
మూడింట్లోనూ చెయ్యి పెట్టి చూశారు.
ఒకటి బిగుతు. ఒకటి వదులు.
మూడోది సరిగ్గా సరిపోయింది,
దాన్నే అందరికంటే ముందు తీసేశారు.

"అన్నీ తీసెయ్, అమ్మాయ్."
రంగు తీశాను. చెయ్యి తీశాను. తొడుగన్న మాటా తీశాను.
తెర మీద నా మొదటి వరస ఒక్కటే మిగిలింది,
నాలుగు వేల పదకొండు వస్తువులతో.
కుర్చీ లాక్కుని కూర్చున్నారు.
మూసే వేళ దాటింది, నేను తాళం తియ్యలేదు.

అరవయ్యో పేజీలో వేలు ఆగింది.
"ఈ పచ్చ శాలువా బ్రూనాది. మా కింది అంతస్తు.
పోయిన చలికాలమంతా తువ్వాలు చుట్టుకునే తిరిగింది."

పొరుగామె చలి అడగడానికి
నా ఫారంలో గడి లేదు.

సంతకం పెట్టి, శాలువా చంకన పెట్టుకుని,
కుడిచెయ్యి కోటు జేబులో దాచుకుని,
ఎడమచేత్తో గాలితాడు పట్టుకుని
ఆవిడ మలుపు దిగారు.